సైటు పని బయటికివ్వండి, తాళాలు మాత్రం ఇవ్వకండి: ఇంటి పచ్చళ్ళు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకి

మే రెండో వారం. మా ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒక గది నిండా ఆవకాయ జాడీలు, డాబా మీద పాత చీరలు పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టాం, మా అత్తయ్య కారం డబ్బా దగ్గర నుంచి లేవట్లేదు. అప్పుడు కూకట్‌పల్లి నుంచి పాత కస్టమర్ ఒకావిడ ఫోన్. "మీ సైటు తెరిస్తే ఈ పేరు అమ్మకానికి ఉంది అని వస్తోందండీ, వ్యాపారం ఎత్తేశారా?"

ఎత్తెయ్యలేదు. సైటు చేసిపెట్టిన అబ్బాయి డొమైన్‌ని, అంటే మా సైటు పేరుని, తన అకౌంట్లో తన మెయిల్‌తో కొన్నాడు. రెన్యువల్ చేయమని వచ్చిన మెయిళ్ళన్నీ అతనికే వెళ్ళాయి. అతనేమో అప్పటికే బెంగళూరులో ఉద్యోగంలో చేరి నంబరు మార్చేశాడు. మోసం చేద్దామని కాదు, పాపం మర్చిపోయాడంతే. కానీ ఏడాది అమ్మకంలో సగం జరిగే నెలలో 11 రోజులు మా దుకాణానికి తలుపు లేకుండా పోయింది.

తణుకులో కూర్చుని నాలుగేళ్ళలో ముగ్గురి చేత ఈ పని చేయించుకున్నాను. ఒకరితో ఇలా అయింది, ఒకరితో పర్వాలేదు, ఇప్పుడున్న అమ్మాయితో బాగుంది. ఆ అనుభవంతో ఏది ముందు చేయాలో, ఏది తర్వాతో వరసగా రాస్తున్నా. పచ్చళ్ళ ఉదాహరణలే ఎక్కువ వస్తాయి గానీ మీరు మంగళగిరి చీరలమ్మినా, కొండపల్లి బొమ్మలమ్మినా, ఆత్రేయపురం పూతరేకులమ్మినా పద్ధతి ఇదే.

ఒక్క సంగతి మొదటే చెప్పేస్తా. పొలం కౌలుకిస్తాం కదా, దున్నేది, నీళ్ళు పెట్టేది, కోసేది అంతా కౌలుదారే, కానీ పట్టాదారు పాసుపుస్తకం మన బీరువాలోనే ఉంటుంది. సైటు పని కూడా అచ్చం అలాగే ఇవ్వాలి. కింద రాసిన వాటిలో సగం ఆ పాసుపుస్తకం గొడవే.

ముందు అసలు సైటు కావాలో లేదో చూసుకోండి

రోజుకి నాలుగైదు ఆర్డర్లు వస్తుంటే సైటు వద్దు, నిజంగా చెప్తున్నా. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. అందులో క్యాటలాగ్ పెట్టుకోవచ్చు, మాటిమాటికీ అడిగే ప్రశ్నలకి జవాబులు రెడీగా దాచుకోవచ్చు, ఎవరు డబ్బు కట్టారు ఎవరికి పంపాలి అని లేబుళ్ళు తగిలించుకోవచ్చు. డబ్బులకి యూపీఐ ఉంది. కాకపోతే పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టెయ్యకండి, దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేయడం చిటికెలో పని. బ్యాంకు ఖాతాలో డబ్బు పడిందని మీ కళ్ళతో చూశాకే టేపు వెయ్యండి.

సైటు ఎప్పుడు కావాలంటే, "అరకిలో ఎంత, విశాఖకి ఎన్ని రోజులు పడుతుంది" అన్న ప్రశ్నకి రోజూ యాభైసార్లు జవాబివ్వలేక చేతులు నొప్పి పుడుతున్నప్పుడు, రాత్రి పదకొండుకి వచ్చిన మెసేజ్ పొద్దున చూసేసరికి ఆవిడ ఇంకెక్కడో కొనేసినప్పుడు.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి చోట్ల కూడా అమ్ముకోవచ్చు, కొత్త కస్టమర్లు దొరికేది అక్కడే. కానీ వాళ్ళు వాళ్ళ కస్టమర్లు, మీ వాళ్ళు కాదు. వచ్చే ఏడు కొత్తావకాయ పెట్టాం అని మెసేజ్ పెడదామంటే నంబరు మీ దగ్గర ఉండదు. అందుకని నేను రెండూ పెట్టుకున్నాను, పాతవాళ్ళకి సైటు, కొత్తవాళ్ళకి అవి.

జీఎస్టీ దగ్గర చాలామంది పొరబడతారు. ఏడాదికి 40 లక్షల లోపు అక్కర్లేదు, తెలంగాణలో అయితే 20 లక్షల లోపు అక్కర్లేదు అని అందరూ చెప్తారు, నిజమే, కానీ అది సొంత రాష్ట్రం లోపల సరుకు అమ్ముకునేవాళ్ళ మాట. వేరే రాష్ట్రానికి అమ్మితే టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. కొన్ని హస్తకళల వస్తువులకి మినహాయింపు ఉంది, పచ్చళ్ళకి లేదు. తణుకు నుంచి కూకట్‌పల్లి ఇప్పుడు వేరే రాష్ట్రమే కదండీ, సైటు పెట్టాక అక్కడి నుంచి ఆర్డర్లు రాకుండా ఎలా ఉంటాయి? సైటువాడితో మాట్లాడే ముందే ఆడిటర్‌తో మాట్లాడండి.

నోటుబుక్కు తీసుకోండి

ఎవరికీ ఫోన్ చెయ్యకముందు మీకేం కావాలో తెలుగులోనే ఒక నోటుబుక్కులో రాయండి. "మంచి సైటు కావాలి" అంటే వాళ్ళు వాళ్ళకొచ్చిందేదో చేసిస్తారు, అది చూసి మీరు ఇది కాదంటారు, అక్కడి నుంచి "అది ముందే చెప్పాలి మేడమ్, ఎక్స్‌ట్రా అవుతుంది" మొదలవుతుంది. నేను రెండోసారి రాసుకున్న పేజీలోవి కొన్ని:

గోంగూర: పావు, అర, కిలో. వెల్లుల్లి వేసింది, వెయ్యనిది. అన్నీ ఒకే పేజీలో ఎంచుకునేలా ఉండాలి, ఆరు వేరువేరు పేజీలు వద్దు.

కార్తీకమాసంలో వెల్లుల్లి లేనివే ముందు కనపడాలి. ఆ మార్పు నేనే చేసుకోగలగాలి.

ఆవకాయ అయిపోతే "అయిపోయింది" అని చూపించాలి, డబ్బు తీసుకోకూడదు.

ధరలు, పన్ను రేటు ఎవరినీ అడగకుండా నా ఫోన్ నుంచి మార్చుకోవాలి.

ఈ చివరిది నాకు తర్వాత బాగా అక్కరకొచ్చింది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు మాకు తెలిసిన ఒకాయన సైటువాడి కోసం వారం రోజులు ఫోన్లు కొడుతూ కూర్చున్నాడు, దసరా ఆర్డర్లు పాత పన్నుతోనే వెళ్ళిపోయాయి. నేను ఆ రాత్రి అన్నం తిన్నాక పావుగంటలో మార్చేసుకున్నా.

ఇంకా ఏం రాయాలంటే, ఎన్ని రకాల సరుకు, ఫోటోలు ఎవరు తీస్తారు, ఒక్కో పచ్చడి గురించి నాలుగు మాటలు ఎవరు రాస్తారు, ఆర్డర్ రాగానే మీకు ఎక్కడ మోగాలి (నాకైతే వాట్సాప్‌లో, మెయిల్ నేను వారానికోసారి చూస్తా), పిన్‌కోడ్‌ని బట్టి కొరియర్ చార్జీ మారాలా అందరికీ ఒకటేనా. ఫోటోలు, రాతలు మీరే ఇస్తే డబ్బు మిగులుతుంది, పైగా వాళ్ళు ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఉత్తరాది అచారు ఫోటో తెచ్చి మీ ఆవకాయ అని పెట్టరు.

తెలుగు రాతల దగ్గర ఒక ముఖ్యమైన మాట. మన లేబుళ్ళు డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించినవై ఉంటాయి. అవి యూనికోడ్, అంటే ఫోన్లలో, సైట్లలో పనిచేసే అక్షరాల పద్ధతి, కాదు. ఆ ఫైలులోంచి కాపీ చేసి సైటులో పెడితే అక్షరాల బదులు కోడిగీతలొస్తాయి. మా మొదటి సైటులో కందిపొడి పేజీ మూడు వారాలు అలాగే ఉంది, చేసినవాళ్ళలో ఎవరికీ తెలుగు చదవడం రాదు, నేను చూసుకోలేదు, కస్టమర్లు కూడా ఇదేదో తమిళం అనుకున్నారేమో ఎవరూ చెప్పలేదు. ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టుకుని మీరే కొట్టి పంపండి, లేదా గూగుల్ వాయిస్ టైపింగ్‌తో చదివి తప్పులు దిద్దుకోండి.

ఎలాంటి సైటు

మూడు రకాలు చెప్తారు. షాపిఫై లాంటివి అద్దె ఇల్లు, నెలనెలా కట్టాలి, పైకప్పు కారితే ఇంటివాడు చూసుకుంటాడు. వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ సొంత ఇల్లు లాంటిది. సాఫ్ట్‌వేర్ ఉచితం, హోస్టింగ్‌కి, అంటే సైటు ఉండే కంప్యూటర్ అద్దెకి, ఏడాదికింత కట్టాలి, కారితే మనమే మనిషిని పిలిపించుకోవాలి, ఎప్పటికప్పుడు అప్‌డేట్లు చెయ్యకపోతే హ్యాకర్లు దూరతారు. మూడోది "మీకోసం ప్రత్యేకంగా మొదటి నుంచి కోడ్ రాస్తాం" అనేది. ఈ మాట వినపడగానే టీ తాగేసి లేచి రండి. రేపు అతను వెళ్ళిపోతే ఆ కోడ్‌ని ముట్టుకునేవాళ్ళు దొరకరు, అదే మొదటి రెండూ అయితే ఊరికో పదిమందికి వచ్చు.

నాకు అద్దె ఇల్లే నయమనిపిస్తుంది, ముఖ్యంగా ఇంట్లో కంప్యూటర్ మీద కూర్చునేవాళ్ళు లేకపోతే. నెల డబ్బు ఎక్కువనిపిస్తుంది గానీ సీజన్ మధ్యలో సైటు పడిపోతే పోయేది అంతకంటే ఎక్కువ.

ఎవరికివ్వాలి

బావమరిది కొడుకు బీటెక్ చదివాడు, ఫ్రీగా చేసిపెడతానన్నాడు అంటే వద్దండీ. పని బాగోకపోతే తిట్టలేం, ఆలస్యమైతే అడగలేం, పండగకి ఇంటికొస్తే మొహాలు చూసుకోలేం.

మాదాపూర్‌లో ఆఫీసున్న పెద్ద ఏజెన్సీకి మనం చాలా చిన్న గిరాకీ, మొదటి మీటింగ్‌కి ఒకాయన వస్తాడు, తర్వాత మన పని అమీర్‌పేటలో నిన్నో మొన్నో కోర్సు ముగించిన పిల్లాడి చేతిలో పడుతుంది. ఆ పిల్లాడే నేరుగా దొరికితే మంచిది కూడా, కానీ అప్పుడు ధర వేరేగా ఉండాలి కదా! ఒకే పనికి నాకు 8 వేల నుంచి లక్షన్నర దాకా కొటేషన్లు వచ్చాయి. ఎనిమిదివేలవాడూ వద్దు, లక్షన్నరవాడూ వద్దు.

ఎవరినైనా సరే ఇలా చూడండి. వాళ్ళు చేసిన సైట్లు మూడు అడగండి, స్క్రీన్‌షాట్లు కాదు, ఇప్పుడు నడుస్తున్నవి. ఒకదాంట్లో చిన్న వస్తువేదైనా నిజంగా డబ్బు పెట్టి కొనండి, నేను ఒకచోట కొబ్బరినూనె సబ్బు కొన్నాను. ఆర్డర్ మెసేజ్ వచ్చిందా, కొరియర్ నంబరు వచ్చిందా, సరుకొచ్చిందా చూడండి. తర్వాత ఆ షాపు నంబరుకి ఫోన్ చేసి ఓనర్‌ని ఒక్కటే అడగండి: "సైటు చేసిచ్చాక కూడా ఫోన్ ఎత్తుతున్నాడా?" ఎవరైనా నిజమే చెప్తారు, ఈ విషయంలో అందరికీ కడుపు మంటే. నేను ఇప్పుడున్న అమ్మాయిని ఎంచుకున్నది ఆ సబ్బుల ఓనర్ "ఎత్తకపోయినా సాయంత్రానికి తిరిగి చేస్తుందండీ" అన్నందుకే.

తాళాలు

ఇక్కడ తొందరపడకండి. పని మొదలయ్యే ముందు, అడ్వాన్స్ ఇచ్చే ముందు, ఈ పని మీరు చెయ్యండి.

వ్యాపారం పేరుతో కొత్త జీమెయిల్ ఒకటి తెరవండి. మీ పర్సనల్‌ది కాదు, సైటువాడు తెరిచి ఇచ్చింది అసలే కాదు. దానికి ఇంట్లోనే ఉండే ఒక సిమ్ నంబరు తగిలించండి. ఆ సిమ్‌కి రీఛార్జ్ ఆగకూడదు, ఆగితే కొన్నాళ్ళకి ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారు, మీ ఓటీపీలు వాళ్ళకి పోతాయి. రెండంచెల భద్రత (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టండి, ఫోన్ పోయినా లోపలికి వెళ్ళడానికి ఇచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పాన్ కార్డు ఉండే చోటే పెట్టండి.

ఇప్పుడు ఆ జీమెయిల్‌తో, మీ కార్డుతో, మీ చేత్తో డొమైన్ కొనండి. కష్టమేం కాదు, రైలు టికెట్ బుక్ చేసినట్టే. డాట్ కామ్ అయినా డాట్ ఇన్ అయినా ఫర్వాలేదు. కొన్నాక మీ మెయిల్ నిజమేనా అని ధృవీకరించమని ఒక లింకు వస్తుంది, 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్‌ని ఆపేస్తారు, దాన్ని స్పామ్ అనుకుని వదిలెయ్యకండి. ఆటో రెన్యువల్ పెట్టినా కార్డు గడువు అయిపోతే అది పనిచెయ్యదు, అందుకని మూడేళ్ళకో ఐదేళ్ళకో ఒకేసారి కట్టెయ్యడం నయం. గడువు దాటిపోతే కొన్నాళ్ళు మామూలు ధరకే ఇస్తారు, తర్వాత డాట్ కామ్‌కి రిడెంప్షన్ అని 30 రోజులుంటాయి, అప్పుడు జరిమానాతో విడిపించుకోవాలి, అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు.

హోస్టింగ్ లేదా షాపిఫై, పేమెంట్ గేట్‌వే (సైటులో కస్టమర్ కట్టిన డబ్బు మీ ఖాతాకి చేర్చేవాళ్ళు), కొరియర్ అకౌంట్, గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు పేజీ, ఫేస్‌బుక్ పేజీ, యాడ్స్ అకౌంట్, ఇవన్నీ కూడా ఆ జీమెయిల్‌తోనే తెరవాలి. మరి పని చేసేవాళ్ళకి ఎలా? పాస్‌వర్డ్ చెప్పక్కర్లేదు. దాదాపు అన్నింట్లోనూ ఇంకొకరిని చేర్చుకునే వీలుంది. షాపిఫైలో కొలాబరేటర్ అని ఉంటుంది, ఫేస్‌బుక్‌లో పార్ట్‌నర్ యాక్సెస్ ఇవ్వొచ్చు. వూకామర్స్‌లో షాప్ మేనేజర్ అన్న హోదా ఉంది గానీ అది ధరలు, ఆర్డర్లు చూసుకునేవాళ్ళకి, సైటు కట్టేవాళ్ళకి విడిగా ఒక అడ్మిన్ లాగిన్ ఇవ్వాలి. పని అయ్యాక తీసెయ్యొచ్చు. "పాస్‌వర్డ్ ఇస్తే తొందరగా అయిపోతుంది మేడమ్" అంటారు. అవుతుంది, ఇంటి తాళం ఇస్తే ఇల్లు ఊడవడం కూడా తొందరగానే అవుతుంది.

యాడ్స్ అకౌంట్ గురించి విడిగా చెప్పాలి. చాలామంది తమ అకౌంట్లో నుంచి మన యాడ్లు నడుపుతారు. మనం ఇచ్చిన పదివేలలో ఎంత ఫేస్‌బుక్‌కి వెళ్ళిందో, ఎంత వాళ్ళ జేబులోకి వెళ్ళిందో మనకి కనపడదు, మనిషి మారితే ఎవరు కొన్నారు ఎవరు చూసి వదిలేశారు అన్న లెక్కంతా వాళ్ళతోనే పోతుంది. మీ అకౌంట్, మీ కార్డు. వాళ్ళ కూలి వేరుగా ఇవ్వండి.

కాగితం, డబ్బు

పెద్ద దస్తావేజేం అక్కర్లేదు, రెండు పేజీల ఒప్పందం చాలు, రెండువైపులా సంతకం ఉండాలి. నోటుబుక్కులో రాసుకున్నది అందులో పెట్టండి. ఎప్పటికి అవ్వాలో తేదీ వెయ్యండి. మార్పులు ఎన్నిసార్లు ఉచితమో రాయండి.

ఒక వాక్యం మాత్రం మర్చిపోకండి. మన కాపీరైట్ చట్టంలో, బయటి మనిషికి డబ్బిచ్చి రాయించుకున్నా కోడ్ మీద మొదటి హక్కు రాసినవాళ్ళదే, వాళ్ళు రాతపూర్వకంగా మీకు రాసిస్తే తప్ప. రాసిచ్చినా ఎన్నాళ్ళకో చెప్పకపోతే 5 ఏళ్ళకే అని, ఎక్కడికో చెప్పకపోతే ఇండియాకే అని లెక్క. కాబట్టి "ఈ సైటు డిజైన్, కోడ్, రాతల మీద హక్కులన్నీ శాశ్వతంగా, అన్ని దేశాలకూ ఫలానా వ్యాపారానికి రాసిస్తున్నాను" అని ఉండాలి.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి. నేను 30 శాతం మొదలుపెట్టేటప్పుడు, 40 సైటు చూపించినప్పుడు, 20 నిజం ఆర్డర్లు పది సరిగ్గా వెళ్ళాక, చివరి 10 ఒక నెల తర్వాత అని పెట్టుకున్నా. ఆ చివరి 10 శాతం విలువ చిన్నదే గానీ ఫోన్ ఎత్తడం మీద దాని ప్రభావం మాత్రం చాలా ఉంటుంది. జీఎస్టీ ఉన్నవాళ్ళైతే బిల్లు మీద 18 శాతం వేస్తారు, కొటేషన్ అందులో కలిపా బయటా అని ముందే అడగండి.

డబ్బు వచ్చే దారి, సరుకు పోయే దారి

సైటు ఎంత అందంగా ఉన్నా లాభనష్టాలు తేలేది ఈ రెండు చోట్లే, పనివాళ్ళు శ్రద్ధ పెట్టనివీ ఇవే, ఎందుకంటే నష్టం వాళ్ళది కాదు.

పేమెంట్ గేట్‌వేకి రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, ఫోన్‌పే ఇలా చాలా ఉన్నాయి. కార్డు మీద మామూలుగా 2 శాతం చుట్టుపక్కల తీసుకుంటారు, ఆర్డర్ రెండు వేలు దాటితే ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. అంటే మూడు వేల రూపాయల ఆర్డర్‌కి 60 రూపాయలు, దాని మీద 10 రూపాయల 80 పైసలు, మీకు చేరేది 2,929 రూపాయల 20 పైసలు. అదీ వెంటనే కాదు, సాధారణంగా రెండు పనిదినాలకి. సీజన్లో నూనె, ఆవపిండి రోజూ నగదుతో కొనేవాళ్ళకి ఈ రెండు రోజులు చాలా పెద్దవి, ముందే చేతిలో కొంత పెట్టుకోండి.

కొరియర్ దగ్గర మేము బాగా మునిగాం. కొరియర్ వాళ్ళు అసలు బరువు, పెట్టె సైజుని బట్టి లెక్కగట్టిన బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే ఆ రెండో బరువొస్తుంది. కిలో ఆవకాయ సీసా చుట్టూ బబుల్ ర్యాప్ చుట్టి 25, 20, 20 పెట్టెలో పెట్టామనుకోండి, 10,000ని 5000తో భాగిస్తే 2 కిలోలు. తక్కెడలో చూస్తే కిలోన్నర కూడా ఉండదు. మా మొదటి సైటులో అన్నిటికీ బరువు అరకిలో అని పెట్టి వదిలేశారు, కస్టమర్ దగ్గర అరకిలో చార్జీ తీసుకుని మేము రెండు కిలోలకి కట్టాం, నెల చివర కొరియర్ బిల్లు చూసేదాకా తెలియలేదు. మా ఆయన క్యాలిక్యులేటర్ కింద పెట్టి "మనం పచ్చళ్ళమ్మట్లేదు, పంచిపెడుతున్నాం" అన్నారు.

అందుకని ప్రతి సైజుకీ నిజం పెట్టెలో ప్యాక్ చేసి, టేపుతో కొలిచి, తూచి, ఆ అంకెలు మీరే సైటులో ఎక్కించండి. చిన్న పెట్టెలు కొట్టించండి. సీసాల బదులు గట్టి పౌచ్‌లకి మారాక మాకు చార్జీ కూడా తగ్గింది, కారడం కూడా తగ్గింది. షిప్‌రాకెట్ లాంటి వాళ్ళ దగ్గర అకౌంట్ తెరిస్తే ఒకేచోట నాలుగైదు కొరియర్ల రేట్లు పోల్చుకోవచ్చు.

క్యాష్ ఆన్ డెలివరీ మొదట్లో ఆపేసి ఉంచండి. తలుపు దగ్గర వద్దన్నా, ఇంట్లో లేకపోయినా సరుకు వెనక్కొస్తుంది, రానూపోనూ ఖర్చు మనదే, పది రోజులు ఎండలో తిరిగొచ్చిన గోంగూర మళ్ళీ ఎవరికి అమ్ముతాం?

ఎవరూ చదవని పేజీలు మీరు చదవండి

రిఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, నిబంధనలు, మమ్మల్ని సంప్రదించండి. ఈ పేజీలు లేకపోతే పేమెంట్ గేట్‌వే వాళ్ళు అకౌంట్ ఆమోదించరు, కాబట్టి సైటువాళ్ళు ఎక్కడి నుంచో కాపీ కొట్టి పెట్టేస్తారు. మా రిఫండ్ పేజీలో "సైజు సరిపోకపోతే, వాడకుండా ఉంటే, 7 రోజుల్లో మార్చుకోవచ్చు" అని ఉంది. చెప్పుల షాపుది. ఒక కస్టమర్ దాన్ని పట్టుకుని సగం తిన్న మాగాయ మార్చమన్నాడు, నవ్వొచ్చింది గానీ మార్చాల్సొచ్చింది, మేం రాసిన మాటే మరి.

మీ షరతులు మీరే మామూలు మాటల్లో రాయండి: పగిలితే, కారితే ఏం చేస్తారు, ఎన్ని గంటల్లో ఫోటో పంపాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు ఎవరికి చెప్పాలో పేరు, నంబరు సైటులో ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ప్యాకెట్ మీద ఉండే ఎంఆర్‌పీ, నికర బరువు, తయారుచేసినవారి చిరునామా సైటులో కూడా కనపడాలి. ఆహారం కాబట్టి 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు (ఆహారం అమ్మడానికి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్‌ది) కూడా పెట్టండి.

తీసుకునే ముందు

సైటువాళ్ళు వాళ్ళ ల్యాప్‌టాప్‌లో చూపిస్తారు, అందులో అన్నీ బాగానే ఉంటాయి. మీరు ఇంట్లో ఉన్న అన్నింటికంటే పాత ఫోన్ తియ్యండి. వైఫై ఆపేసి మొబైల్ డేటాతో తెరవండి. మా అత్తయ్యకి ఇచ్చాను నేను, ఏమీ చెప్పకుండా "నువ్వుల పొడి పావుకిలో కొను అత్తయ్యా" అని. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వేలితో కిందకి కిందకి జరిపి, చివరికి "కొనేది ఎక్కడుందే?" అంది. బటన్ ఉంది, కానీ వాట్సాప్ గుర్తు సరిగ్గా దాని మీద కూర్చుంది. ల్యాప్‌టాప్‌లో అది కనపడలేదు.

అదయ్యాక వేరే రాష్ట్రంలో ఉన్న చుట్టాల చేత నిజంగా డబ్బు కట్టించి ఆర్డర్ పెట్టించండి. ఇంకొకరి చేత యూపీఐ సగంలో ఆపించండి. ఒక ఆర్డర్ మీరే క్యాన్సిల్ చేసి డబ్బు వెనక్కి పంపి చూడండి. స్టాక్ సున్నా చేసి కొనబోయి చూడండి. ఈ నాలుగూ సరిగ్గా జరిగాకే మూడో వాయిదా డబ్బు.

ఆ తర్వాత

ఏడాది మెయింటెనెన్స్ అని అడుగుతారు, వర్డ్‌ప్రెస్ అయితే ఇవ్వడమే మంచిది, కానీ దాన్లో ఏమేం చేస్తారో రాయించుకోండి. ఎస్ఎస్ఎల్ (సైటు అడ్రసు పక్కన తాళం గుర్తు తెచ్చే భద్రతా సర్టిఫికెట్) అని విడిగా వేలు అడిగితే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చేది ఉచితం కదా అనండి, చాలా హోస్టింగ్‌లలో అది దానంతటదే వస్తుంది, దానంతటదే పొడిగించుకుంటుంది. నెలకోసారి బ్యాకప్ దించి పెన్‌డ్రైవ్‌లో మీరే పెట్టుకోండి.

గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది, పెట్టెయ్యండి ఫోను.

అమెరికాలో మా అక్కవాళ్ళున్నారు, అక్కడ అందరూ అడుగుతున్నారు, సైటులో డాలర్లు కూడా పెట్టించేద్దాం అనిపిస్తుంది. మొదటి ఏడాది వద్దు. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి లేదు, లెక్క మారిపోయింది, ఆహార పదార్థాల నిబంధనలు వేరే. అడిగినవాళ్ళకి విడిగా పంపి చూసి, నిలదొక్కుకున్నాక చూద్దురుగాని.

ఇప్పటికే సైటు ఉన్నవాళ్ళు

ఈ రోజే ఒక పని చెయ్యండి. గూగుల్‌లో హూయిజ్ (whois, డొమైన్ల వివరాలు చూపించేది) అని వెతికి మీ సైటు పేరు కొట్టండి. ఓనరు పేరు మామూలుగా దాచి ఉంటుంది గానీ ఎవరి దగ్గర కొన్నారో, గడువు ఎప్పుడో కనపడతాయి. ఆ కంపెనీ సైటుకి వెళ్ళి మీ మెయిల్‌తో పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కండి. లింకు మీకు వచ్చి, లోపలికెళ్ళి చూస్తే మీ సైటు పేరు అక్కడ ఉంటే ఆ పేరు మీ చేతిలోనే ఉంది.

లేకపోతే గొడవ పడకండి, ముందు సైటువాళ్ళకి బాకీ ఏమైనా ఉంటే తీర్చేసి తర్వాత అడగండి. అదే కంపెనీలో మీ పేరున అకౌంట్ తెరిచి అందులోకి మార్చమనడం అన్నిటికంటే తేలిక. వేరే కంపెనీకి తెచ్చుకోవాలంటే ఆథరైజేషన్ కోడ్, అంటే డొమైన్‌ని కదపడానికి కావాల్సిన రహస్య కోడ్, అడగాలి, డొమైన్ కొన్న కొత్తలోనో, ఒకసారి మార్చిన వెంటనేనో అయితే 60 రోజులు కదలనివ్వరు. ఆ 60 రోజులు లెక్కేసుకుని ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి, మామిడికాయ మార్కెట్లోకి వచ్చాక ఎవరికీ తీరిక ఉండదు.